వైదేహి నవ్విన వారాలు

పైగా, నవ్వు కావాలట. చావు మంచం పక్కన కూర్చున్నవాణ్ణి పట్టుకుని, ఏదీ, ఒక జోకు చెప్పు అన్నట్టు. ఆ ముక్క రాసిన పెద్దమనిషి ఎప్పుడైనా ఆపరేషన్ గది బయట బల్ల మీద కూర్చున్నాడా? ఎదురుగోడ మీద "నిశ్శబ్దం" అని మూడు భాషల్లో రాసిన బోర్డును ఐదు గంటలసేపు చదివాడా? చదివి ఉంటే, మూడు భాషల్లోనూ నవ్వు రాదని తెలిసేది.

భీమేశ్వరరావు కలం మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. బల్ల మీద ఎడిటర్ ఉత్తరం ఉంది. నాలుగోసారి చదివాడు. "మీ నవలలో ప్రేమ ఉంది, కష్టమూ ఉంది. ఈ కాలం ప్రేమ నవలలో కష్టం పప్పులో ఉప్పులా ఉండాలి. మీరు ఉప్పులో పప్పు వేస్తున్నారు. ఆఖరి అధ్యాయంలోనైనా కాస్త నవ్వు కలపగలరు." కలపగలరట! సున్నంలో నీళ్ళు కలిపినట్టు.

అతనిది యానాం. ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. బదిలీ మీద పుదుచ్చేరి వచ్చి ఏడేళ్ళయింది. ఉప్పళంలో ఆండాళమ్మ గారింట్లో మేడమీద భాగంలో అద్దెకుంటున్నాడు. చెన్నై నుంచి వచ్చే ఒక తెలుగు వారపత్రికలో అతని నవల "ఆరని దీపానికి ఆఖరి ఉత్తరం" ధారావాహికగా వస్తోంది. పేరు మాత్రం అతనిది కాదు. ఆఫీసులో అనుమతి అడిగితే ఫైలు మూడు బల్లలు తిరుగుతుంది, మూడు బల్లలవాళ్ళూ కథ ఏమిటని అడుగుతారు. పైగా ప్రేమ నవలకు ఆడపేరు ఉంటేనే బాగుంటుందని పత్రికవాళ్ళు అన్నారు. అందుకని "లాస్య" అని పెట్టుకున్నాడు. పద్దెనిమిది వారాలు అచ్చయ్యాయి. పంతొమ్మిదోది ఈరోజు, గురువారం, మధ్యాహ్నం పోస్టులో వస్తుంది. ఇరవయ్యోది, ఆఖరిది, ఈరోజు రాసి నాలుగు గంటల కొరియర్‌లో పంపాలి. అందుకోసం సెలవు పెట్టాడు. పథకం చాలా మామూలుది. పదకొండింటికల్లా నాయిక వైదేహి చనిపోవాలి. పన్నెండున్నరకు శుద్ధప్రతి అయిపోవాలి. తర్వాత భోజనం.

వైదేహి చనిపోక తప్పదు. రెండేళ్ళ కిందట అతని భార్య మాణిక్యాంబకు రొమ్ములో గడ్డ తేలింది. ఆపరేషన్ చేశారు, ఆరు విడతలు మందు ఎక్కించారు, జుట్టంతా రాలింది, మళ్ళీ వచ్చింది. ఆమె బతికింది. అందరూ ఆమెను పలకరించారు. అతనికేం జరిగిందో ఎవరూ అడగలేదు; అడిగితే చెప్పేవాడూ కాదు. ఆ ఏడాది తన లోపల ఏం కూలిందో చెప్పుకోవడానికి అతనికి ఈ నవల తప్ప మరో చోటు లేదు. ఇప్పుడు వైదేహి కూడా లేచి కూర్చుంటే, ఆ భయమంతా అనవసరంగా పడినట్టే అవుతుంది. దానికి అతను ఒప్పుకోడు.

మాణిక్యం కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఏవండీ, ఆవిడ ఉందా, పోయిందా?"

"పదకొండుకి," అన్నాడు తల ఎత్తకుండా.

"అయితే నేను మార్కెట్‌కి వెళ్ళి వంకాయలు తెస్తానండి. నేను వచ్చేదాకా తొందరపడకండి."

ఇదిగో, ఇదే! ఇలాంటి మాటలు అంటుంది. మనిషన్నాక కొన్నిటి మీద నవ్వకూడదని ఆమెకు ఎప్పుడూ తట్టదు. నవ్వు అనేది మనసు కట్టుకునే గోడ అని అతను ఒక మనస్తత్వశాస్త్ర గ్రంథంలో చదివాడు. ఎదటివాడు గోడ కట్టుకుంటే తాను బయట నిలబడాలి కదా. ఆ ఏడాదంతా అతను బయటే నిలబడ్డాడు.

తొమ్మిదింటికి చూసుకుంటే తెల్లకాగితాలు నాలుగే ఉన్నాయి. వైదేహి కనీసం పన్నెండు పేజీల్లో గానీ పోదు. చొక్కా తగిలించుకుని వీధి చివర తంగవేల్ కొట్టుకు నడిచాడు. తంగవేల్‌ది జెరాక్స్ కొట్టు. కొరియర్ కవర్లూ అతనే తీసుకుంటాడు. ఊరి పేరు మారి ఏడాదైనా అతని బోర్డు మీద ఇంకా పాండిచ్చేరి అనే ఉంది. ఇంట్లో వాళ్ళదీ తెలుగే; తరాల కిందట వచ్చినవాళ్ళు. అతని భార్య మంగళం, ఆండాళమ్మ గారి పక్కింటావిడ.

"రాండి సార్, రాండి! ఆఫీసు లేదా? ఏం కావాల? పేపరా? కథకా?" అన్నాడు తంగవేల్. భీమేశ్వరరావు ఉలిక్కిపడ్డాడు.

"ఏ కథ?"

"ఏంది సార్, నాకు తెలీదనుకుంటా ఉండారా? అదే, ఆ వైదేహి కథ. అబ్బబ్బబ్బా! మా మంగళం వారం వారం చెప్తాది సార్. ఆ ఆపరేషన్ వారం ఉండాదే, నవ్వి నవ్వి నేను ఒకాయన రేషన్ కార్డు తలకిందులుగా పదిహేను కాపీలు తీసేసినా."

"ఆపరేషన్ వారమా?" అన్నాడు భీమేశ్వరరావు. ఆ అధ్యాయం రాసినప్పుడు అతను రెండు రోజులు అన్నం తినలేదు.

"అది కూడా పర్లేదు సార్. జుట్టు ఊడిపోతాదే, ఆ వారం! దువ్వెనకి రిటైర్మెంటు ఇచ్చేస్తుందే! విగ్గుకాడ శశాంకు చేసే పని తలుచుకుంటే…" తంగవేల్ జెరాక్స్ యంత్రం మీద వాలిపోయి నవ్వాడు. కొట్టులో నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్ళు కూడా, ఏమీ తెలియకుండానే నవ్వారు.

నవలలో కథానాయకుడు శశాంక్ ఉన్నాడు గానీ, విగ్గు లేదు. దువ్వెన ఉంది, కానీ అది కన్నీటితో తడిసింది. దానికి ఎవరూ రిటైర్మెంటు ఇవ్వలేదు. భీమేశ్వరరావు చెవులు వేడెక్కాయి. అచ్చులో తన వాక్యాలు చూసుకునే అలవాటు అతనికి లేదు. అచ్చయిన వాక్యం అతనికి స్నానం చేయించి పడుకోబెట్టిన శవంలా కనిపిస్తుంది. పత్రిక రాగానే మాణిక్యం తీసుకుంటుంది, అంతే. అంటే ఇన్ని వారాలుగా, తనకు తెలియకుండా, ఆ ఎడిటర్ సుబ్బరాయలు తన నవలలో జోకులు కలుపుతున్నాడన్నమాట! మంగళానికి తెలుగు అక్షరం ముక్క రాదన్న సంగతి ఆ క్షణంలో అతనికి తట్టలేదు. కోపం వచ్చిన మనసు తనకు అనుకూలమైన సాక్షులనే పిలుస్తుంది.

సెల్‌ఫోన్ అంటే అతనికి అసహ్యం. కొట్టు ముందున్న రూపాయి ఫోన్‌లో వరసగా నాణేలు వేశాడు.

"హలో! సుబ్బరాయలు గారా? నేను లాస్యను మాట్లాడుతున్నాను," అన్నాడు తన బొంగురు గొంతుతో. కుర్రాళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఆఁ, చెప్పండి లాస్య గారూ. అధ్యాయం అయిందా? నవ్వు పడిందా?"

"సిగ్గుండాలండీ మీకు! ఒక ఆడపిల్ల జుట్టు రాలిపోతుంటే విగ్గు జోకులు వేస్తారా? నా నవలలో? నా అనుమతి లేకుండా?"

"ఏం విగ్గు? మేం కామా కూడా మార్చలేదు. నవ్వు కావాలనే కదండీ నాలుగు ఉత్తరాలు రాశాను."

"అదే అంటున్నాను! నేను రాయలేదని మీరే రాసుకున్నారు! జనం వీధుల్లో పడి నవ్వుతున్నారు!"

"నవ్వుతున్నారా? మీ నవలకా?" సుబ్బరాయలు గొంతులో మొదటిసారి ఆశ కనిపించింది. "ఎక్కడండీ?"

"ఆపేయండి! నా సీరియల్ ఈ క్షణమే ఆపేయండి!"

ఎడిటర్ నిదానంగా అన్నాడు. "చూడండి. రేపు పొద్దున తొమ్మిదికి పేజీలు ప్రెస్సుకు వెళతాయి. ఆలోపు మీ అధ్యాయం నా బల్ల మీద ఉంటే అదే వేస్తాం, నవ్వున్నా లేకపోయినా. లేదంటే మా సబ్ ఎడిటర్ రెండు పేజీల్లో పెళ్ళి చేసేస్తాడు. అతనికి అలవాటే."

"చచ్చిపోతున్న అమ్మాయికి పెళ్ళా?"

"నయమైందని ఒక వాక్యం వేస్తాడు లెండి."

నాణేలు అయిపోయి ఫోన్ దానంతట అదే తెగింది. ఒక వాక్యం! తాను పంతొమ్మిది వారాలు మోసుకొచ్చిన జబ్బును ఎవడో చెన్నైలో టీ తాగుతూ ఒక వాక్యంతో నయం చేసేస్తాడట. భీమేశ్వరరావు కాగితాలు కొనకుండానే వెనక్కి తిరిగాడు. తంగవేల్ పరుగెత్తుకొచ్చి కట్ట చేతిలో పెట్టాడు. "సార్, కవరు నాలుగింటికి. మరిచేరు. సంచి కట్టేస్తే మళ్ళా రేపే."

ముందు రుజువులు కావాలి. అచ్చయిన సంచికలు తీసి, కలిపిన ప్రతి జోకు కిందా ఎర్రగీత గీసి, లాయరు నోటీసు ఇవ్వాలి. ఇంట్లో అలమరలన్నీ వెతికాడు. ఒక్క సంచిక లేదు. మంచం కింద లేదు, బియ్యం డబ్బా పక్కన లేదు. మాణిక్యం ఇంకా మార్కెట్ నుంచి రాలేదు. దబదబా మెట్లు దిగి ఆండాళమ్మ గారి తలుపు కొట్టాడు.

ఆండాళమ్మకు అరవై దాటాయి. మురుంగపాక్కంలో పొలాలున్న పాతకాపు కుటుంబం. చెవులకు పెద్ద కమ్మలు, నోట్లో ఎప్పుడూ తమలపాకు. "ఏంది నాయనా, తలుపు ఇరగ్గొడతా ఉండావు? అమ్మణ్ణి యాడ?"

"మార్కెట్‌కి వెళ్ళింది. అమ్మా, మా పత్రికలేమైనా మీ దగ్గర ఉన్నాయా?"

"ఉండకుండా యాడికి పోతాయి? ఇదో, దీపం పెట్టే సామి మాడం పక్కనే పెట్టుండా." పద్దెనిమిది సంచికలూ వరసగా, పైన ఒక ఎండిన మల్లెపూవుతో సహా తెచ్చి తిన్నె మీద పెట్టింది.

అతను ఒక్కొక్కటే తెరిచాడు. ఏడోవారం. అతని వాక్యాలే. తొమ్మిదోవారం. అతని వాక్యాలే. ఒక్క నవ్వు లేదు, ఒక్క విగ్గు లేదు. అక్షరం పొల్లు పోకుండా కన్నీరే. ఇది అతనికి సంతోషం కలిగించాలి. కలిగించలేదు. కోపానికి కారణం పోయింది గానీ కోపం పోలేదు. ఇల్లు లేని అతిథిలా తిన్నె మీదే కూర్చుంది.

"ఇందులో నవ్వేదేముందమ్మా?"

"ఏముందా! ఆ బొమ్మ ఉండే పేజీ తియ్యి. ఆఁ, ఇదే. శశాంకు విగ్గుని ఓదారుస్తాడే, ఇదే పేజీ," అని ఆండాళమ్మ అతని పేరా మీద వేలు పెట్టింది.

అతను ఆ పేరా పైకి చదివాడు. "'ఆమె శిరస్సు నుంచి రాలిన ప్రతి వెంట్రుకా అతని గుండెలో ఒక ముల్లుగా దిగింది. ఆకాశం నిర్లిప్తంగా చూస్తూ ఉంది.' చాలా? ఎక్కడుంది విగ్గు?"

ఆండాళమ్మ అతని ముఖంలోకి జాలిగా చూసింది. "నీకు చదవను రాదా నాయనా? అంత పెద్ద ఉద్యోగం చేస్తా ఉండావే!"

"నాకు చదవడం రాకపోవడమేమిటి?"

"కోపం చేసుకోవద్దు. మాకూ రాదులే. మేం చదివిన బళ్ళో అంతా అరవమే. నోటికి తెలుగు, కంటికి అరవం. అందుకే గదా అమ్మణ్ణి వారం వారం వచ్చి చదివి ఇనిపించేది. ఈ పేజీలోనే చదివింది. కరెంటు పోయిండాది. విగ్గు కుర్చీ ఈపు మీద పెట్టిండాది. ఈ శశాంకు వచ్చి అదే వైదేహి అనుకోని, పావుగంట, 'ధైర్యంగా ఉండు, నేనున్నానుగా' అంటా కుర్చీని తడతా ఉంటాడు. ఆ పిల్ల వెనకాల వాకిట్లో నిలబడి అంతా ఇంటా ఉండాది!" ఆమె కళ్ళు తుడుచుకుంది. "ఎంత తెలివి అమ్మణ్ణికి! కథ అంతా తను చెప్తే, పాపం నువ్వు కూచోని రాసి పెడతావు. నీ చేతిరాత బాగుంటాదంటనే."

భీమేశ్వరరావు సంచికలు తీసుకుని లేచాడు. ఆ కరెంటు పోయిన రాత్రి అతనికి గుర్తుంది. ఆ కుర్చీ కూడా గుర్తుంది. ఆ రోజు మాణిక్యం వెనక నిలబడి ఉందని మాత్రం అతనికి ఇప్పుడే తెలిసింది.

పన్నెండుకు ఆమె వంకాయల సంచీతో మెట్లెక్కి వచ్చేసరికి అతను గది మధ్య నిలబడి ఉన్నాడు.

"నా నవలని చంపేశావు," అన్నాడు.

మాణిక్యం సంచీ దింపింది. బల్ల మీద పద్దెనిమిది సంచికలు చూసింది. "తెలిసిపోయిందా?"

"పరువు తీశావు. కొట్టులో, వీధిలో! ఆపరేషన్ గురించి రాసింది విని నవ్వుతున్నారు! నేను నీ గుమాస్తానట. నువ్వు చెబితే రాస్తానట."

"అది నేను చెప్పలేదండి. ఆడపేరు చూసి వాళ్ళే అనుకున్నారు." సంచీలోంచి వంకాయలు తీస్తూ, "కాదనలేదు లెండి," అంది.

"నవ్వడానికి నీకేం కనిపించింది అందులో?"

"మీకు ఏడవడానికి కనిపించిందే."

"జోకులు వేయకు!" అతను బల్లను చరిచాడు. కలం దొర్లి కింద పడింది.

మాణిక్యం ముఖంలో నవ్వు పోయింది. ఇప్పుడు ఆమెకూ కోపం వచ్చింది. యానాం కోపం, గొంతు పెరగదు, మాట పదునెక్కుతుంది. "వినండి. మొదటి రెండు వారాలు మీరు రాసింది రాసినట్టే చదివానండి. ఆండాళమ్మ గారికి రక్తపోటు వచ్చింది. మంగళం ఇంక రానంది. అదీ పర్లేదు. ఇద్దరూ విన్నంతసేపూ నా నెత్తికేసి చూశారండి. వైదేహికి గడ్డ తేలిందని మీరు రాశారు చూడండి, అక్కడికొచ్చేసరికి మంగళం నా జుట్టు ఇంకా ఎంత పెరగాలో కళ్ళతో కొలుస్తోంది. నేనక్కడ కూర్చుని నా శవాన్ని నేనే చదువుతున్నట్టుంది. అప్పుడు ఒక ముక్క కలిపాను. వాళ్ళు నవ్వారు. నవ్వినప్పుడు నా ముఖం చూశారు. అంతే. తర్వాతి వారం రెండు ముక్కలు."

"అది నవలే, మాణిక్యం. నీ గురించి కాదు."

"మరి ఆవిణ్ణి ఎందుకు చంపుతున్నారు? నేను బతికే ఉన్నాను కదండీ. వంకాయలు కూడా తెచ్చాను."

దానికి అతని దగ్గర జవాబు ఉంది. కళలో సత్యం, జీవితంలో సత్యం వేరన్న జవాబు. కానీ ఆ జవాబు ఆమె నడినెత్తి మీద ఇంకా పొట్టిగా నిలబడ్డ జుట్టు ముందు చెప్పడానికి నోరు రాలేదు. నోరు రాకపోవడంతో కోపం రెట్టింపయింది. తలుపు వేసుకుని రాయడానికి కూర్చున్నాడు. అన్నానికి లేవలేదు. వంకాయ కూర వాసన తలుపు కింద నుంచి వచ్చినప్పుడు, వైదేహికి ఊపిరి అందడం మానేసింది. పదకొండుకు కావలసిన చావు రెండున్నరకు అయింది. పన్నెండు పేజీలు. ఒక్క నవ్వు లేదు. సబ్ ఎడిటరు వచ్చి లేపినా లేవనంత గట్టిగా చంపాడు. కవరులో పెట్టి అంటించాడు.

మూడింటికి మాణిక్యం పోస్టులో వచ్చిన పంతొమ్మిదో సంచిక తీసుకుని చెప్పులు వేసుకుంటూ ఉంటే, అతను కవరు చంకలో పెట్టుకుని అడ్డం నిలబడ్డాడు. "ఈరోజు నేను చదువుతాను. రాసింది రాసినట్టు. అక్షరం తప్పకుండా."

"అలాగేనండి," అని పత్రిక అతని చేతిలో పెట్టింది.

కింద తిన్నె మీద ఆండాళమ్మ, మంగళం చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నారు. ఈయన ఎందుకు వచ్చాడని మంగళం కళ్ళతోనే అడిగింది. "ఆయనకి నేర్చుకోవాలని ఉందంట, చదవనీయి," అంది ఆండాళమ్మ, ఎంతో ఉదారంగా.

అతను చదివాడు. మంచి గొంతు, ఆఫీసులో వీడ్కోలు సభల్లో అభినందన పత్రాలు అతనే చదువుతాడు. మొదటి పేజీ అయ్యేసరికి చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది. అతనికి లోపల చిన్న గర్వం కదిలింది. తల ఎత్తి చూశాడు. ఇద్దరూ అతన్ని చూడటం లేదు. మాణిక్యం నెత్తికేసి చూస్తున్నారు.

చూపు అంత బరువుగా ఉంటుందని అతనికి తెలియదు. మాణిక్యం తల వంచుకుని, ఒక చిక్కుడుకాయను అవసరం లేనంత జాగ్రత్తగా వలుస్తోంది. కొంగు మెల్లగా తలమీదికి లాక్కుంది. అతను గబగబా తర్వాతి పేరాలోకి వెళ్ళాడు. "'స్నానాలగదిలో వైదేహి మౌనంగా విలపించింది. కుళాయి ధార ఆమెతో కలిసి కన్నీరు కార్చింది. బయట శశాంక్ ఆమె నిశ్శబ్దాన్ని ఆలకిస్తూ…'"

"అక్కా, ఇదేంది ఇట్ల ఉండాది?" అంది మంగళం. "ఈ వారం బాగలేదే."

"బాగానే ఉంటుంది. అక్కడ ఆయన ఒక ముక్క వదిలేశారు," అంది మాణిక్యం, తల ఎత్తకుండానే.

"నేనేం వదిలేయలేదు!"

"వదిలేశారండి. నాలుగోసారి మందు ఎక్కించి ఇంటికి వచ్చిన రోజు, వైదేహికి కడుపులో తిప్పేస్తోంది. శశాంక్‌కి వినపడితే డాక్టర్ దగ్గరికి, గుడికి, పత్రికాఫీసుకి, అన్నిచోట్లకీ పరుగెడతాడని, స్నానాలగదిలోకి పోయి కుళాయి ధారాళంగా తిప్పేసి, ఆ చప్పుడులో కక్కుకుంటోంది. పాపం, పేగులు బయటికి వచ్చేటట్టున్నాయి. బయట మన శశాంక్ చెవి తలుపుకి ఆనించాడు. ఆలకించాడు. ఆలకించి, 'వైదేహీ! ట్యాంకు ఖాళీ అయిపోతోంది! కింద ఓనరమ్మ తిడుతుంది!' అని తలుపు బాదాడు."

ఆండాళమ్మ ఒళ్ళో చిక్కుడుకాయలన్నీ కింద పడ్డాయి. "నేనా! నేనెప్పుడు తిట్టినా!" అంటూనే పగలబడి నవ్వింది. మంగళం స్తంభానికి ఆనుకుని పడిపోయింది. మాణిక్యం తలమీది కొంగు దానంతట అదే జారిపోయింది. ఇప్పుడు ఎవరూ అటు చూడటం లేదు.

భీమేశ్వరరావు నవ్వలేదు. ట్యాంకు అతనికి గుర్తుంది. మూడుసార్లు తలుపు కొట్టాడు. లోపల నుంచి ఆమె, "అయిపోయిందండి, వస్తున్నా," అంది. తడి ముఖంతో వచ్చి, ముఖం తుడుచుకుని, చారు పెట్టింది. ఆ సాయంత్రం అతను డైరీలో "ఈ రోజు మా. కులాసాగా ఉంది" అని రాసుకున్నాడు. అదే డైరీ చూసి నవలలో ఆ పేరా రాశాడు. పన్నెండు నెలల కష్టం తనకు అక్షరం అక్షరం తెలుసని కదా, ఎడిటర్ మీద అరిచాడు! అతనికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. వెతికితే ఆ తలుపు బాదినవాడు ఒక్కడే కనిపించాడు.

"సార్!" వీధిలోంచి తంగవేల్ వచ్చాడు. "నాలుగు అవతా ఉండాది. సంచి కట్టాల. కవరు యాడ?"

భీమేశ్వరరావు చంకలోని కవరు తీశాడు. తిన్నె మీద పెట్టాడు. దాని మీద కూర్చున్నాడు.

"కూర్చోవయ్యా," అన్నాడు తంగవేల్‌తో. తర్వాత ఆడవాళ్ళ వైపు తిరిగి, ఫైలు మీద సంజాయిషీ అడుగుతున్నవాడి గొంతుతో మొదలుపెట్టాడు. "ఇంకో ముక్క కూడా వదిలేశారు. మాణిక్యానికి కూడా తెలియదు అది. ఆపరేషన్ రోజు. ఈ శశాంక్ ఉన్నాడే, వెధవ, వరండాలో నిలబడి ఏడుస్తున్నాడు. మామూలు ఏడుపు కాదు. వైదేహి లోపల మంచం మీద కూర్చుని నర్సుతో కబుర్లు చెబుతోంది. ఆయా చక్రాల కుర్చీ తోసుకుని వచ్చింది. ఆవిణ్ణి చూసింది, వీణ్ణి చూసింది. పేషెంటు ఎవరో తేల్చుకుంది. వీణ్ణి కూర్చోబెట్టింది."

మంగళం కిసుక్కుమంది. "నేను కాదని చెప్పకూడదా!"

"చెప్పలేదు. కాళ్ళ మీద దుప్పటి కప్పింది. అప్పుడూ చెప్పలేదు. వరండా చివరిదాకా తోసుకుపోయింది. ఆపరేషన్ గది తలుపు దగ్గర ఒకాయన పుస్తకం పట్టుకుని పేరు అడిగాడు."

"అప్పుడన్నా చెప్పినాడా?" అన్నాడు తంగవేల్.

"చెప్పాడు. 'వైదేహి' అన్నాడు."

తిన్నె అదిరిపోయేలా నవ్వారు. తంగవేల్ తొడ చరుచుకున్నాడు. ఆండాళమ్మకు తమలపాకు గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ, నవ్వుతూ అడిగింది. "ఎందుకప్పా అట్ల చెప్పినాడు?"

"ఎందుకేమిటి?" భీమేశ్వరరావు చిరాకుపడ్డాడు, జోకు అర్థం కానివాళ్ళకు విడమర్చాల్సి వస్తే ఎవరికైనా చిరాకే. "పొరపాటున నాకే చేసేసి, దాన్ని ఇంటికి పంపించేస్తారేమో అనుకున్నాను."

ఎవరూ నవ్వలేదు. తంగవేల్ చేయి తొడమీదే ఆగిపోయింది. మంగళం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇది నాకెప్పుడూ చెప్పలేదేంటండీ?" అంది మాణిక్యం.

"నువ్వు కుళాయి సంగతి చెప్పావా?" అన్నాడు అతను, ఇంకా కోపంగానే.

ఆండాళమ్మ ముక్కు చీదింది. "ఇదేంది అమ్మణ్ణీ, ఇన్నాళ్ళూ ఎంత బాగుండె కథ! ఇంకమీద ఈయన్ని చదవనీయొద్దు," అంది, కళ్ళనీళ్ళు చెంపల మీద కారుతూ ఉంటే.

రచయితగా భీమేశ్వరరావు ఉప్పళంలో రాబట్టిన మొదటి కన్నీళ్ళు అవే. అతను మాత్రం జోకు అనుకునే చెప్పాడు.